తప్పంతా పెట్టెదే

మా కరుణాకరం మనుషుల్ని తిట్టడు. కంప్యూటర్లని తిడతాడు.

ఏదో చిరాకులో ఒక మాట తూలడం కాదు. కంప్యూటర్‌ని బల్లమీద ఎదురుగా పెట్టుకుని, కళ్లజోడు సర్దుకుని, కన్నతండ్రికి కూడా కొడుకుని తిట్టడానికి అంత తీరిక ఉండదు అన్నంత తీరిగ్గా తిడతాడు. "ఏందిరా నీ వాలకం? పొద్దున బాగానే ఉంటివి కదా? ఏమొచ్చిందిరా నీకు?" అని మొదలుపెడితే, దానికి కూడా తల వంచుకోవాలనిపిస్తుందేమో అని నాకు అనుమానం.

మార్కాపురం బస్టాండు దగ్గర ఆయనది సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ల దుకాణం, నాది జిరాక్సు దుకాణం. రెండింటికీ మధ్య గోడ అనే పేరుతో ఒక ప్లైవుడ్ చెక్క ఉంది. అటు ఆయన తుమ్మితే ఇటు నా కాగితాలు ఎగురుతాయి. అందువల్ల ఆ తిట్లన్నీ నాకు కంఠతా వచ్చు.

ఆయన బోర్డు మీద "బేతెస్ద కంప్యూటర్స్" అని ఉంటుంది. ఇదేం పేరని కొత్తలో అడిగాను.

"బైబిల్లో బేతెస్ద కోనేటి కాడ రోగులు బాగుపడతారక్కా. మన దగ్గరికీ రోగాలతోనే వస్తాయి కదా, అందుకని పెట్టినా."

"ఆ రోగుల్ని కూడా ఎవరైనా ఇట్లా తిట్టి బాగుచేశారా?"

"వాళ్లు మనుషులు కదక్కా!" అన్నాడు, నేనేదో అనరాని మాట అన్నట్టు చూసి.

అమ్మేటప్పుడూ ఇదే వరస. హైదరాబాదు ఆఫీసుల్లో వాడి తీసేసిన చిన్న డెస్క్‌టాపులు మూటలుగా తెప్పిస్తాడు. ఒక్కోటి టిఫిన్ క్యారియరంత ఉంటుంది. ఏ దుకాణదారుడైనా సరుకు గొప్ప చెబుతాడు. ఈయన కొనేవాడిని కూర్చోబెట్టి దాని బతుకంతా బయటపెడతాడు. "వీడు సోమరి. లేవడానికి నిమిషం పడుతుంది. వెనకవైపు వైరు పెట్టే ఈ కంత పనిచెయ్యదు. ఫ్యాను చప్పుడు వినండి, గురక. తీసుకుంటారా?" కొనేవాడు తీసుకోవాలో పారిపోవాలో తెలియక నా జిరాక్సు మిషను వంక చూస్తాడు.

సుబ్బన్న మాస్టారు ఒకసారి కీబోర్డు పట్టుకొచ్చారు. "నేనేం చెయ్యలేదయ్యా, దానంతట అదే ఆగిపోయింది" అన్నారు. కరుణాకరం దాన్ని బోర్లించాడు. అందులోంచి ముందు టీ చుక్కలు, తరవాత సగం నానిన బిస్కెట్టు ముక్క రాలాయి. మాస్టారి ముఖం చూడాలి! కరుణాకరం వాసన చూసి కీబోర్డు మీద విరుచుకుపడ్డాడు.

"అల్లం టీ! నిన్నెవరు తాగమన్నార్రా? సారు కోసం తెచ్చిన టీ నువ్వు తాగుతావా? పైగా బిస్కెట్టు కూడానా? సిగ్గుందా నీకు?"

మాస్టారు గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. "అదేనయ్యా, ఒక్క నిమిషం అటు తిరిగాను, అంతే!" అన్నారు.

కురిచేడు నుంచి కొండయ్య తన కంప్యూటర్ డబ్బాని చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని రైల్లో తెచ్చాడు. మూడు రోజులుగా వెలగడం లేదట. ఇక్కడ వైరు పెట్టి బటన్ నొక్కగానే దీపంలా వెలిగింది. బెంచీ మీద కూర్చున్నవాళ్లు కిసుక్కుమన్నారు. కొండయ్య చెవులు ఎర్రబడ్డాయి.

"ఏరా, ఇంట్లో మొండికేసి, నలుగురి ముందుకొస్తే బుద్ధిమంతుడివా? పెద్దాయన్ను ఎండలో ఇంత దూరం తిప్పుతావా?" అని డబ్బాని ఉతికి ఆరేశాడు కరుణాకరం. తరవాత సాగనంపే వంకతో గుమ్మం దాకా వెళ్లి, "ఇంట్లో ఆ స్విచ్చు బోర్డు కూడా ఒకసారి చూపించు పెద్దాయనా" అని చెవిలో వేశాడు.

నాకు ఒళ్లు మండేది. నేను నోరున్న మనిషిని. కాగితం నలిపి తెచ్చి జిరాక్సు నలుపొచ్చిందని పోట్లాడేవాడిని ఊరికే వదలను. "తప్పు చేసినవాళ్ల ముఖాన చెప్పకపోతే మళ్లీ అదే చేస్తారయ్యా" అని ఎన్నోసార్లు చెప్పాను.

"మనిషి తప్పేం ఉంటదిలే అక్కా. పెట్టెకి బుద్ధుండాల" అనేవాడు. ఈయనకి చాదస్తం ముదిరిందని నేను తీర్మానించుకున్నాను.

మొన్న వేసవిలో ఒక సాయంత్రం, తర్లుపాడు నుంచి యేసుమణి, ఆమె కూతురు రెబెకా ఆటో దిగారు. యేసుమణి పలకల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. రెబెకా డిగ్రీ పూర్తిచేసి, ఇంటినుంచే చేసుకునే టైపింగు ఉద్యోగానికి పెట్టుకుంది. మర్నాడు పొద్దున పదింటికి ఆన్‌లైన్‌లో పరీక్ష. ఫోనులో రాయనివ్వరు, కంప్యూటరే ఉండాలి. ఆ పరీక్ష కోసమే నెల కిందట కరుణాకరం దగ్గర చిన్న డబ్బా కొన్నారు. ఇప్పుడు దాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చారు.

అదే సమయానికి విత్తనాల కొట్టు శివకృష్ణ కొత్తగా ఒకటి కొందామని వచ్చి బేరంలో ఉన్నాడు. "ఇది బాగానే ఉందన్నా, మిగతాది ఏదీ?" అని అప్పటికి రెండుసార్లు అడిగాడు. ఆ చిన్న డబ్బాయే మొత్తం కంప్యూటరని నమ్మడానికి అతనికి మనసొప్పడం లేదు.

రెబెకా వస్తూనే గొంతు పెంచింది. "అన్నా, నిన్నటిదాకా బాగుంది. ఈరోజు మూడుసార్లు కుయ్‌మని తెర నల్లగా ఉంటాంది. రేపు నా పరీక్ష! మంచిదని చెప్పి పాడైపోయింది అంటగట్టినావా?"

శివకృష్ణ చెవులు రిక్కించాడు. నేను కూడా చేతిలో పని వదిలేసి ఇటు వచ్చాను. తమాషా చూడటానికే వచ్చానని వేరే చెప్పాలా?

కరుణాకరం ఒక్క మర తిప్పి మూత తీశాడు. నేనూ మెడ చాచి లోపలికి చూశాను. ఫ్యాను రెక్కల సందుల్లో బూడిదరంగు బురద. అడుగున వాన నీళ్లు నిలిచి ఎండినట్టు చారలు. ఒక మూల పాత చీర పోగు ఇరుక్కుని ఉంది. పలకల పొడి ఇక్కడ ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంటుంది, కానీ పొడిగా ఉంటుంది. దీన్ని ఎవరో మూత తీసి మరీ తడిగుడ్డతో శుభ్రంగా తుడిచారు.

నేను తలెత్తి యేసుమణిని చూశాను. ఆమె పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, పెట్టె వంకే చూస్తోంది. ఇరవై ఏళ్లుగా ఆ చేతులు చేసే పని అదే. పలక మీది పొడిని తడిగుడ్డతో తుడవడం, గోడకి వరసగా ఆనించి ఎండబెట్టడం. కూతురు ఇంట్లో లేని వేళ చూసి, పరీక్ష ముందు రోజు పెట్టె పరిశుభ్రంగా ఉండాలనుకుంది. పలకకి చేసినంత మర్యాదా దీనికీ చేసింది. ఆ సంగతి కూతురికి తెలియదు. తెలిస్తే ఏమంటుందోనని ఆ తల్లి భయం.

"ఏమైందన్నా లోపల?" అని రెబెకా ముందుకు వంగబోయింది.

కరుణాకరం మూత అడ్డం పెట్టి మొదలుపెట్టాడు. అంతటి తిట్లు నేను ఆయన నోట అంతకుముందెప్పుడూ వినలేదు.

"ఒరే దరిద్రుడా! పిల్లకి పరీక్ష అని తెలిసి కూడా ఈ పని చేస్తావా? నా దుకాణం పరువు తీస్తావా? బుద్ధి చెప్పి పంపిస్తే ఇదేనా నువ్వు చేసేది?" తిడుతూనే చీర పోగు తీసి జేబులో వేసుకున్నాడు. బురద గీకాడు. వేడిగాలి మిషను పెట్టి మూలమూలా ఆరబెట్టాడు. మెమరీ ముక్క ఊడదీసి, దాని బంగారు రంగు అంచుని బడిపిల్లలు వాడే రబ్బరుతో రుద్దాడు. "రుద్దతా ఉండా చూడు! నీ తిక్క కుదురుస్తా!"

"అసలు తప్పెవరిదన్నా?" రెబెకా వదిలేలా లేదు.

"దీనిదేనమ్మా. కొంత నాదీ ఉండాది. అమ్మేముందు లోపల సరిగ్గా తుడవకుండా ఇచ్చినా."

శివకృష్ణ ఆ మాట విన్నాడు. "మళ్లీ వస్తాలే అన్నా" అని మెల్లగా జారుకున్నాడు. ఆ "మళ్లీ" ఎలాంటిదో వ్యాపారం చేసేవాళ్లెవరికైనా తెలుసు. నాకు నాలుక దురద పుట్టింది. "నువ్వు తుడవకపోవడం కాదయ్యా..." అని మొదలుపెట్టానో లేదో, కరుణాకరం నావైపు చూశాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు చూశాడు. జీవితంలో మొదటిసారి నా నోరు మధ్యలో మూతపడింది.

మెమరీ ముక్క బిగించి బటన్ నొక్కాడు. ఒకే ఒక్క కూత, వెంటనే తెర వెలిగి ఎప్పటిలా పనిచెయ్యడం మొదలుపెట్టింది. రెబెకా రెండు చేతులూ చెంపలకి ఆనించుకుని, "థాంక్యూ అన్నా" అని ఆటో పిలవడానికి పరిగెత్తింది.

కరుణాకరం పెట్టె ఆపి వైరు పీకాక, యేసుమణి బల్ల దగ్గరికి వచ్చింది. "నాయనా, అది... నేనే తడిగుడ్డతో..."

"ఏందమ్మా? ఫ్యాను చప్పుడుకి వినపడలా" అన్నాడు. ఆ ఫ్యాను అప్పటికే ఆగిపోయిందని నాకు తెలుసు. సొరుగులోంచి రంగులు వేసే కొత్త కుంచె ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఈ పెట్టెకి నీళ్లు పడవమ్మా. తుడవాలనిపిస్తే వైరు పీకేసి, దీంతో పొడిగా దులుపు. నీ చెయ్యి పడితే బాగా ఉంటది."

ఆమె కళ్లు తుడుచుకుని, కుంచెని చెంగులో ముడేసుకుని బయటికి నడిచింది. నేను నా దుకాణంలోకి వచ్చేశాను. ఏం చెప్పమంటారు, నాకూ కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లూ ఈ మనిషి మాస్టార్నీ, కొండయ్యనీ, ఇంకా ఎంతమందినో డబ్బాల వెనక దాచి కాపాడుతుంటే, చాదస్తం అనుకున్నాను.

అంతలో చెక్క అవతల నుంచి గొంతు వినిపించింది. దుకాణంలో ఎవరూ లేరు. సందులోంచి చూస్తే, కరుణాకరం ఆ పెట్టెని ఆటోలో పెట్టడానికి తువ్వాలులో చుడుతూ దాని మూత నిమురుతున్నాడు.

"ఏమనుకోవద్దురా. ఆయమ్మ ఎదురుగా ఉండె, ఇంకేం చెయ్యాల నేను? నీ తప్పేం లేదు, నాకు తెల్సు. రేపు మాత్రం పిల్లని మధ్యలో వదిలెయ్యొద్దు, నా బంగారు గదా."

మర్నాడు మధ్యాహ్నం ఆయన ఫోను మోగింది. స్పీకరులో రెబెకా అరుపు బస్టాండు దాకా వినిపించి ఉంటుంది. పరీక్ష అయిపోయింది, ఒక్కసారి కూడా ఆగలేదు, పాసైనట్టు అప్పుడే తెరమీద చూపించింది. పక్కనుంచి యేసుమణి, "దాన్ని తిట్టొద్దని చెప్పవే" అంటోంది.

నేను చెక్క మీద తట్టాను. "విన్నావా? అంత చక్కగా పనిచేసిందట. ఇప్పుడైనా ఆ పెట్టెని ఒక్కమాట మెచ్చుకోరాదటయ్యా?"

అటునుంచి చాలా గంభీరంగా జవాబు వచ్చింది.

"వద్దక్కా. గారాబం చేస్తే చెడిపోతాయి."