నీలిమందు అంటిన చెయ్యి

మొన్న శనివారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకి, బాపట్లలో పిన్ని ఇంటి పెరట్లో ఆమె తెల్లచీరలు ఉతికి, బకెట్లో నీలిమందు కలిపాను. పిన్ని పోయి నెలయింది. చీరలు చర్చికి వచ్చే ముసలివాళ్ళకి ఇవ్వాలి. ఉతక్కుండా ఇస్తే ఆమె ఒప్పుకునేది కాదు. చెంచా కనపడక పొడిని వేళ్ళతోనే తీశాను. కొళాయి దగ్గర చెయ్యి కడుక్కుంటుంటే నోరు దానంతటదే రెండో ఎక్కం మొదలుపెట్టింది. రెండు పదులు ఇరవై అన్నాకే కొళాయి కట్టాను.

ఎనభైల మొదట్లో పిన్ని రేపల్లె దగ్గర ఒక ఊళ్ళో చిన్నబడి టీచరు. తెనాలిలో అమ్మకి తమ్ముడు పుట్టడంతో నన్ను ఏడాదిపాటు పిన్ని దగ్గర ఉంచారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. బడి అంటే ఒక పొడవాటి గది, ముందు వరండా, వరండా మూల ఇసుకలో కూర్చోబెట్టిన మంచినీళ్ళ కుండ, మూత మీద బోర్లించిన ఒకే ఒక గ్లాసు. ఆ గ్లాసుని వేళ్ళతో సహా ముంచి తాగేవాళ్ళం. రైతుల పిల్లలకీ, మా చర్చి పిల్లలకీ, సముద్రం వైపు పాలెం నుంచి వచ్చే చేపలు పట్టేవాళ్ళ పిల్లలకీ ఆ కుండే.

ఆ వానాకాలం వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మొదట పడకేసింది పాలెం పిల్ల. రేపల్లె ఆస్పత్రికి తీసుకెళితే బతికింది. తర్వాత ఊళ్ళో ఇంకో ముగ్గురికి వచ్చేసరికి, మా క్లాసు పిల్ల తాతగారు ఒకాయన కొత్త కుండ పట్టుకుని బడికి వచ్చాడు.

"పంతులమ్మగారూ, ఇది మా పిల్లలకండి. పాతది పాలెపోళ్ళకి ఉంచెయ్యండి."

"వాళ్ళేం చేశారు బాబాయిగారూ?"

"ఏం చేశారంటే ఏం చెప్తామండి. రోగం ఆళ్ళ కాడినుంచే గదా వచ్చింది. కుదరదంటే మా పిల్లల్ని మానిపించేస్తాం."

పిన్ని వాదించలేదు. రేపు మధ్యాహ్నం ఒకసారి రమ్మంది, అప్పటికీ అదే మాట మీదుంటే అలాగే చేద్దామంది. సాయంత్రం బియ్యం కడుగుతూ మాత్రం, "వేరే కుండ పెడితే పాలెం పిల్లలు ఇంక బడికి రారు" అంది, నాతోనో తనలో తనో.

మర్నాడు బడి గంటకి ముందు నీలిమందుని కొబ్బరినూనెలో కలిపి నా కుడి అరచేతికి పూసింది. ఎవరికీ చెప్పొద్దంది, రోజూలాగే ఆడుకోమంది. టీచరుగారింటి పిల్లనని నాకు అసలే కొంచెం గర్వం, ఆ రోజు మరీ ఎక్కువ తిరిగాను. బంతి, పలకలు, కిటికీ ఊచలు, గ్లాసు, దేన్నీ వదల్లేదు. మధ్యలో ఒకరిద్దరు చేతులు చూసుకుని సిరా అనుకున్నారు.

మధ్యాహ్నం పెద్దాయన వచ్చి బెంచీ మీద కూర్చోగానే మనవరాలు వెళ్ళి చెయ్యి పట్టుకుంది. పిన్ని అందర్నీ చేతులు చాపమంది. దాదాపు అందరి చేతులకీ నీలమే. గ్లాసు అంచుకీ, కుండ మూతికీ నీలమే.

"ఈ నీలమే రోగం అనుకోండి" అంది పిన్ని.

"టీచర్, మీ ముక్కు మీద కూడా ఉందండి" అన్నాడు ముందు వరసలో ఒకడు.

ఇది ఆమె అనుకున్నది కాదు. మా పలకలు దిద్దిన చేత్తోనే కళ్ళజోడు సర్దుకుంది. కొంగుతో తుడుచుకుంటే బుగ్గకి పాకింది. పెద్దాయన కూడా నవ్వబోయి, తన చెయ్యి చూసుకున్నాడు, తర్వాత కండువా చూసుకున్నాడు.

"ముందు ఎవరి పిల్లకి పూశారండి?"

"మా ఇంటి పిల్లకేనండి."

ఆయన బెంచీ మీంచి లేచాడు. "సబ్బుందా అమ్మా" అన్నాడు.

కొత్త కుండ వెనక్కి వెళ్ళలేదు. దాన్ని చేతులు కడుక్కునే నీళ్ళకి పెట్టుకున్నాం. పాత కుండకి పొడవాటి కాడ గరిటె వచ్చింది. రెండో ఎక్కం పూర్తయ్యేదాకా చేతులు రుద్దుకోవాలని పిన్ని నియమం. ఎక్కం రానివాడి చేతులే బడిలో అందరికంటే శుభ్రంగా ఉండేవి.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ పోట్లాడాను. క్లాసంతా నన్ను నీలం చెయ్యి అని ఏడిపించారు. "నాకే ఎందుకు పూశావు?" అన్నాను.

"ఇంకెవరికి పూసినా రోగాన్ని వాళ్ళింటి మీద పెట్టేవాళ్ళు గదే. మనమైతే ఫర్వాలేదు."

ఆ మాట అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. పిన్ని రిటైరై బాపట్ల వచ్చాక ఒకసారి ఆమెకి ఆ సంగతి చెప్పాను. సరిగా చెప్పలేదేమో అనిపిస్తుంది. ఆమె అప్పుడు చిక్కుళ్ళు తుంచుతోంది, తల ఊపి ఇంకో కాయ అందుకుంది.

చీరలు ఇచ్చి వస్తుంటే దారిలో బడి వదిలారు. పిల్లల మెడల్లో ఎవరి నీళ్ళ సీసా వాళ్ళకి వేలాడుతోంది. మంచిదే, పిన్ని కూడా మంచిదనే అనేది. అందరికీ కలిపి ఒక కుండ ఇప్పుడు బడిలో పెట్టడం లేదు.