జిమ్మిగాడి పొద్దటి గోలి

ఆ రోజుల్లో కొత్త కోడలు కాపురానికి వస్తే అత్తగారు వంటిల్లో, బీరువా తాళాలో అప్పజెప్పేవారని వినేదాన్ని. మా అత్తమ్మ నాకు కుక్కను అప్పజెప్పింది. పెళ్ళై సిద్దిపేట వచ్చిన తొలి ఎండాకాలం అది. నాకేమో చిన్నప్పటి నుంచీ కుక్కను చూస్తే పై ప్రాణాలు పైనే పోయేవి. బడికి వెళ్ళే దారిలో కుక్క కనిపిస్తే చేను గట్ల మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళి, ఆలస్యమైనందుకు బెంచీ ఎక్కి నిలబడిన రకాన్ని. (ఆ గట్ల నిండా పాములుండేవి. వాటి సంగతి నాకెప్పుడూ తట్టలేదు.)

ఆ కుక్క పేరు జిమ్మి. పిల్లికంటే కాస్త పెద్దదైన తెల్లటి బొచ్చుకుక్క. నేను రాకముందే దానికి పాడురోగం వచ్చి, ముక్కు మీదా చెవుల మీదా పుండ్లు పడి, పక్కులు కట్టి, చూడలేనట్టయిందట. మామయ్య దాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని హైదరాబాదు తీసుకెళ్తే, ఒంటిని కాపాడాల్సిన బలమే తిరగబడి చర్మాన్ని తినేస్తోందని, స్టెరాయిడ్ గోలీలు చాలాకాలం వేయాలని అక్కడి డాక్టర్లు చెప్పారట. గోలీలతో పుండ్లు మానాయి, కుక్క బతికింది. అది బతికాక ఇంట్లోవాళ్ళకే నిలకడ లేకుండా పోయింది. ఎంత తిన్నా ఆకలి. ఎంత తాగినా దాహం. తాగినదంతా బయటికి పోవాలి కాబట్టి తలుపు తీయమని గోకుడు, తీసేలోపే షాబాదు బండల మీద మడుగు. ఆ పైన ఒకచోట కుదురుగా కూర్చోదు. నాలుక వేలాడేసి రొప్పుతూ వంటింటి నుంచి వాకిట్లోకి, వాకిట్లో నుంచి వంటింట్లోకి తిరుగుతూనే ఉండేది. దాని వెనక గుడ్డ పట్టుకుని అత్తమ్మ. ఇద్దరికీ దూరంగా గోడకు ఆనుకుని నేను.

అలాంటి సమయంలో హుస్నాబాదులో మా ఆడబిడ్డకు రెండో కాన్పు దగ్గరపడింది. అత్తమ్మ వెళ్ళక తప్పలేదు. మా ఆయన పొద్దున్నే నంగునూరు బస్సెక్కితే మళ్ళీ దీపాల వేళకే రావడం. మామయ్య రిటైరై ఇంట్లోనే ఉన్నా, కుక్కను ముద్దు చేయడమే తప్ప మందు వేయడం చేతకాదని అత్తమ్మ అభిప్రాయం. మిగిలింది నేను. బస్సు కదిలేదాకా కిటికీలోంచి నాకు పాఠం చెప్తూనే ఉంది.

"గోలి పొద్దుగాల్నే వెయ్యాలె, బువ్వ తిన్నంకనే. వట్టి కడుపుల పడితే పేగులు కాలుతయి. నీళ్ళగిన్నె ఎప్పుడు ఖాళీ ఉండొద్దు. కొసరు మాత్రం పెట్టకు, ఎంత ఏడ్చినా సరే. ఆ ఏడుపు దానిది కాదు, గోలిది. మర్చిపోయి గోలి బంద్ చేసేవు బిడ్డా, పానం పోతది."

నాకు వినిపించిన మాట చివరిదొక్కటే. ఎవరి ప్రాణం అని అడుగుదామనుకునేలోపు బస్సు వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి నా బతుకు పరుగైంది. ఆ ఏడు మా వీధిలో నీళ్ళ కరువు. బోరింగు కొడితే ముందు గాలి, తర్వాత దగ్గు, ఎప్పటికో నీళ్ళు. నేను బిందెలు మోసి గోలెం నింపితే, అందులో సగం జిమ్మి తాగేది, మిగతా సగం అది చేసిన మడుగులు కడగడానికి సరిపోయేది. మేము మనుషులం స్నానాల దగ్గర పొదుపు పాటించాం. దాని తిండి దొంగతనాలు వేరే. జొన్నరొట్టెలు చేసి బుట్టలో పెట్టి, మూత మీద రుబ్బురోలు పొత్రం పెట్టి, బోరింగు దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి పొత్రం ఒకమూల, మూత ఒకమూల, జిమ్మి మధ్యలో. అంత చిన్న కుక్కకు అంత బలం ఎక్కడిదో. ఆ రోజు మామయ్య పెరుగన్నంతో సరిపెట్టుకున్నాడు. నేను మాత్రం ఆ సాయంత్రమంతా అత్తమ్మ హుస్నాబాదు నుంచి చూస్తోందేమో అన్నట్టు తలుపు వంక చూస్తూ గడిపాను.

గోలి వేయడం అసలు పరీక్ష. అత్తమ్మ అయితే దవడ పట్టుకుని నాలుక మొదట్లో పెట్టి మూతి మూసేది. నేను గోలిని రొట్టెముక్కలో చుట్టి, గడప ఇవతల నిలబడి, విసిరేదాన్ని. ఒక్కోసారి రొట్టె దాని నోట్లో, గోలి నా చెప్పులో పడేది. అప్పుడు గోలి ఏరుకోవడానికి నేను ఎన్ని ప్రదక్షిణలు చేశానో చెప్పలేను. నాలుగైదు రోజులు ఇదంతా చూసి మామయ్య జాలిపడ్డాడు. "నువ్వు భయపడుతున్నవ్ గద బిడ్డా, ఇటియ్యి. నేనేస్త" అన్నాడు. ఆ మాటకు ఆయన నాకు దేవుడిలా కనిపించాడు. ఆనాటి నుంచి రొట్టెలో గోలి చుట్టి ఆయన చేతికివ్వడం, ఆయన వాకిట్లోకి తీసుకుపోవడం అలవాటైంది.

మామయ్యకు ఒక బాధ ఉండేది. రోగం రాకముందు రోజూ సాయంత్రం జిమ్మిని కోమటి చెరువు కట్ట మీదికి తీసుకెళ్ళేవాడు. ఆ కట్ట మీద అంత అందమైన కుక్క ఇంకోటి ఉండేది కాదట. ఇప్పుడేమో దానికి తోక బొచ్చు రాలి, చర్మం పలచబడి, కాళ్ళు పుల్లలై, పొట్ట మాత్రం కుండలా ఉబ్బింది. పక్కింటి ఖాలా ఒకరోజు గోడ మీదుగా చూసి, ఎన్నో నెల అని నన్ను అడిగింది. నన్నే అడిగిందనుకుని సిగ్గుతో చచ్చిపోయాను. తీరా చూస్తే ఆమె చూపు నా వెనక ఉన్న జిమ్మి మీద ఉంది. అది మగకుక్క అని చెప్పాను. ఖాలా కాసేపు ఆలోచించి, "అయితే గ్యాస్ అయ్యుంటది బేటా" అని లోపలికి వెళ్ళింది. నేను పడీపడీ నవ్వాను. మామయ్య నవ్వలేదు. అరుగు మీద కూర్చుని చాలాసేపు దాని పొట్ట నిమురుతూ ఉండిపోయాడు.

అది జరిగిన కొద్దిరోజులకే మా ఇంట్లో వింత మొదలైంది. జిమ్మి దాహం తగ్గింది. మడుగులు తగ్గాయి. రొట్టెల బుట్ట జోలికి రాలేదు. రొప్పుతూ తిరిగే కుక్క మంచం కింద ముడుచుకుని పడుకోసాగింది. నేను ఆ పడుకోవడం చూసి మురిసిపోయాను. ఇదంతా నా పెంపకమే అనుకున్నాను. వేళకు తిండి, కొలత తప్పని గిన్నె, కొసరు పెట్టని కఠిన హృదయం. సాయంత్రం మా ఆయన రాగానే, మీ అమ్మకు ఇన్నాళ్ళుగా చేతకానిది నేను ఎట్లా చేశానో వివరంగా చెప్పాను. ఆయన కూడా మెచ్చుకున్నాడు. (కొత్తగా పెళ్ళైన మగవాళ్ళు అన్నిటికీ మెచ్చుకుంటారు.) నా గొప్పతనం రెండు మూడు రోజులు బాగానే నడిచింది.

ఒక పొద్దున రొట్టె చేస్తుంటే ఆ వాసనకు జిమ్మి రాలేదు. పిలిచాను. తోక కూడా కదల్లేదు. దూరం నుంచే రొట్టెముక్క విసిరితే దాని మూతి పక్కనే పడింది, అది కళ్ళు తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది. కొంచెం సేపటికి పసుపు పచ్చగా వాంతి చేసుకుంది. లేవబోయి వెనక కాళ్ళు వణికి కూలబడింది. "మామయ్యా" అని పిలిస్తే ఆయన వచ్చి చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు నేనేం చేశానో నాకు సరిగ్గా గుర్తులేదు. వీధిలోకి వచ్చాక చూసుకుంటే తువ్వాలలో చుట్టిన జిమ్మి నా రొమ్ముకు ఆనుకుని ఉంది, నా చేతులకు ఇంకా రొట్టెపిండి ఉంది. రిక్షా ఎక్కాక దాని గుండె నా అరచేతి కింద కొట్టుకోవడం తెలిసింది. చాలా నెమ్మదిగా కొట్టుకుంటోంది. దారంతా ఆ చప్పుడు తప్పిపోతుందేమోనని చెయ్యి తీయలేదు.

పశువుల దవాఖాన నిండా బర్రెలు. మా అవస్థ చూసి వాటి యజమానులే దారి ఇచ్చారు. డాక్టరు పడుచువాడు, నెమ్మదస్తుడు. చిగుళ్ళు చూసి, కడుపు నొక్కి చూసి, గోలీలు సరిగా వేస్తున్నారా అని అడిగాడు. రోజూ వేస్తున్నామన్నాను. మళ్ళీ అడిగాడు. నేనే చుట్టి ఇస్తున్నాను సార్, ఒక్కరోజూ తప్పలేదన్నాను. నాకప్పటికే ఏడుపు వస్తోంది. అంతలో వెనక నుంచి మామయ్య గొంతు వినిపించింది.

"బిడ్డ తప్పేం లేదు సారు. రొట్టె దానికి పెట్టిన, గోలి మోరీల పారేసిన. దాని పొట్ట జూస్తే నాకు ముద్ద దిగుతలేదు."

డాక్టరు కోప్పడలేదు. సూది వేసి, సన్నటి సూదితో సెలైను ఎక్కిస్తూ, మామయ్యకు ఓపిగ్గా చెప్పాడు. ఒంట్లో ఆ మందులాంటిది సహజంగానే తయారవుతుందట. బయటి నుంచి రోజూ వస్తుంటే ఒళ్ళు తన పని మానేసి కూర్చుంటుందట. ఉన్నట్టుండి గోలి ఆపితే అటు గోలీ లేక, ఇటు సొంతదీ లేక, ప్రాణానికి ముప్పు వస్తుందట. "దించొచ్చు పెద్దాయనా, కానీ మెల్లగ. మెట్టు మెట్టు దిగాలె, మిద్దె మీదికెల్లి దుంకొద్దు" అన్నాడు. పుండ్లు తిరగబెట్టకుండా కనిపెడుతూ వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిద్దామని, కొంతకాలానికి రోజు విడిచి రోజుకు తేవచ్చని, అప్పుడు పొట్టా దిగుతుంది బొచ్చూ వస్తుందని చెప్పాడు. ఇంత సులువైన మాట ముందే అడిగి ఉంటే పోయేది కదా అన్నట్టు మామయ్య నావైపు చూశాడు. నేను బర్రెల వైపు చూశాను.

మధ్యాహ్నందాకా ఆ ఆవరణలోనే కూర్చున్నాం. మామయ్య లేస్తాడు, నాలుగడుగులు వేస్తాడు, వచ్చి కుక్కను చూస్తాడు, మళ్ళీ లేస్తాడు. ఇంటి దగ్గర జిమ్మి తిరిగినట్టే తిరిగాడు. ఎండ తిరుగుతుండగా జిమ్మి తల ఎత్తి, నా మణికట్టు మీద ఎండిపోయిన పిండిని నాకింది. గరుకుగా, వెచ్చగా ఉంది ఆ నాలుక. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

అత్తమ్మకు చెప్పొద్దని మామయ్య నన్ను బతిమాలాడు. నేను ఒట్టు వేశాను. తీరా మనవరాలి బారసాల అయ్యాక ఆమె హుస్నాబాదు నుంచి వచ్చిన రోజు, సంచీ కింద పెట్టకముందే ఆయనే మొత్తం చెప్పేశాడు, ఒట్టు మాటతో సహా. అత్తమ్మ జిమ్మి చెవులు మడిచి చూసింది, ముక్కు చూసింది, పొట్ట కింద చెయ్యి పెట్టి బరువు చూసింది. దవాఖానకు ఎత్తుకుపోయింది ఎవరని అడిగింది. నేనేనని చెప్పాను.

"మంచిగైంది. నాకు గిప్పుడు కండ్లు సరిగ అగుపడ్తలెవ్వు. గోలి ఇగ నువ్వే వెయ్యి" అంది. ఆమె కళ్ళు బియ్యంలో రాయిని గడప అవతల నుంచి పట్టేవి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

జిమ్మి ఆ తర్వాత కొన్నేళ్ళు బతికింది. చిన్న గోలీతో, రోజు విడిచి రోజు. పొట్ట దిగింది, తోకకు బొచ్చు వచ్చింది, మామయ్య మళ్ళీ కట్ట మీదికి తీసుకెళ్ళాడు. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని వెనక్కి చూస్తే, కొంగు నడుముకు దోపుకుని, ఒక చేత బిందె, ఒక చేత తడిగుడ్డతో, అందరికీ భయపడుతూ ఇల్లంతా పరిగెత్తే ఆ పిల్ల కనిపిస్తుంది. ఒక్క నిమిషం కూర్చోవే, ఏమీ మునిగిపోదు, చాయ్ తాగు అని చెప్పాలనిపిస్తుంది. ఆ పిల్ల నా మాట వినదు. పొయ్యి మీద పాలున్నాయంటూ లేచిపోతుంది.