బావ అయిదుసార్లు పలికాడు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, నా పని అలాంటిది. నరసరావుపేటలో ముప్ఫై ఏళ్లుగా మోటార్లకు వైండింగ్ చేస్తున్నాను. మోటారు కాలిపోతే రైతు వచ్చి ఎవరిదో దిష్టి తగిలిందంటాడు. విప్పి చూస్తే ఎక్కడో తీగ మీద పూత పోయి ఉంటుంది, లేదంటే బేరింగ్ అరిగి ఉంటుంది. కారణం లేకుండా కాలిన మోటారు ఇంతవరకు నా బల్ల మీదికి రాలేదు. మా ఆవిడ అమావాస్యకు గుమ్మానికి గుమ్మడికాయ కడితే కూరకు పనికొచ్చేది పాడు చేశావని ఎగతాళి చేసేవాణ్ణి.

అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, ఏమీ అనుకోను.

సాంబయ్య నాకు చుట్టం కాదు. మా వీధిలోనే రెండిళ్ల అవతల ఉండేవాడు. అతని భార్య పద్మ కాపురానికి వచ్చిన కొత్తలోనే నన్ను అన్నా అని పిలిచింది, అందుకని అతను బావ అయ్యాడు. వయసులో నాకంటే రెండేళ్లు పెద్ద. పదిహేడేళ్లు సైన్యంలో చేసి వచ్చాడు, అందులో నాలుగు చలికాలాలు కాశ్మీరులో. ఇద్దరికీ ఉన్న ఒకే ఒక్క వ్యసనం గాలం. ఆదివారం వస్తే బండి మీద బెల్లంకొండ దాటి, పులిచింతల డ్యాము నీళ్లు వెనక్కి నిలిచే చోటికి పోయేవాళ్లం.

అక్కడ మునిగిన ఊరికి పోయే పాత తారు రోడ్డు ఒకటి నేరుగా నీళ్లలోకి దిగిపోతుంది. ఆ రోడ్డుకి ఈ పక్క నేను, ఆ పక్క అతను. మధ్యలో యాభై అడుగుల దూరం ఉంటుంది. దగ్గర దగ్గరగా కూర్చుంటే గాలాలు పెనవేసుకుంటాయి, పైగా మాటలు ఎక్కువవుతాయి.

చలికాలం గాలం వేసేవాడికి ఓపిక కావాలి. ఎండాకాలంలో తెల్లవారగానే చేప ఎర పట్టుకుంటుంది. చలికి నీళ్లు చల్లబడితే అడుగున మందకొడిగా పడి ఉంటుంది, ముక్కు ముందు ఎర వేసినా కదలదు. ఎండ ఎక్కి నీళ్లు కాస్త వెచ్చబడ్డాకే మేతకు లేస్తుంది. ఈ లెక్క నాకు నేర్పింది సాంబయ్యే.

కాశ్మీరు సరస్సుల్లో చలికాలం చేపలు పట్టేవాళ్ల గురించి అతను ఎన్నిసార్లు చెప్పాడో. పడవ అంచున దుప్పటి ముసుగు వేసుకుని వంగి కూర్చుంటారట. ఆ ముసుగు నీడ నీళ్ల మీద పడితే చేపలు నీడలోకి వచ్చి చేరతాయట, అప్పుడు ఈటెతో పొడుస్తారట. వేసుకున్న పెద్ద చొక్కా లోపల, ఒళ్లో నిప్పుల కుండ ఉంటుందట.

“చలి దేశమోళ్లు చలికి చానా మర్యాద ఇస్తారు బావా. ఎండ పొడ రాకుండా పడవ ఇప్పరు. మనమే, తలకి తువ్వాలు చుట్టుకుని బయల్దేరేది,” అనేవాడు.

నిజమే. మాకు ఏడాదిలో పది నెలలు ఎండే. ఉన్న నెలన్నర చలికి స్వెట్టరు కొనుక్కోవడం కూడా దండగ అనుకుంటాం.

పొగమంచు పట్టిన రోజుల కోసం అతను ఒక నియమం పెట్టాడు. పావుగంటకోసారి నేను “బావో” అని కేక వేయాలి, అతను “ఉన్నా” అని పలకాలి. సైన్యంలో మంచు కురిసేటప్పుడు కాపలాలో అలాగే పిలుచుకునేవాళ్లట. అందులో ఇంకో ముక్క కూడా ఉంది. పిలిస్తే పలుకు రాలేదనుకోండి, రెండోసారి పిలవకూడదు. చేతిలో ఏముంటే అది వదిలేసి లేచి వెళ్లి చూడాలి.

“రెండోసారి పిలిచేది బద్ధకం బావా. పలకనోడికి నీ పిలుపు కాదు, నువ్వు కావాలి,” అన్నాడు. ఒకసారి సరదాగా పలకకుండా కూర్చుని నేను పరుగున వెళ్తే పడీ పడీ నవ్వాడు కూడా. మిలటరీ బుద్ధి అని తిట్టాను.

సంవత్సరం తిరగకుండానే అతనికి గుండెకు స్టెంటు వేశారు. తెల్లవారుజామున చలిలో బయట తిరగొద్దని గుంటూరు డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ తర్వాత మొదటి చలికాలంలో పద్మ మా కొట్టు దగ్గరికి వచ్చింది.

“అన్నా, ఆయన్ని గాలానికి పోవద్దని నేననను. అదొక్కటే ఆయనకి సంతోషం. ఎండొచ్చినాక తీసకపో. నీ మీదే భారం,” అంది. సరేనమ్మా అని మాటిచ్చాను. ఆ ఏడు మాట నిలబెట్టుకున్నాను కూడా.

కిందటేడు ధనుర్మాసంలో మాట తప్పాను. అది మిరప తోటలకు తడులు పెట్టే కాలం. కొట్టు ముందు కాలిన మోటార్లు వరసగా పడి ఉన్నాయి, ఆదివారం కూడా పదింటికల్లా షట్టరు తీయాలి. మూడు ఆదివారాలుగా నాకు ఒక్క చేప పడలేదు. అయిదింటికి బయల్దేరదాం అన్నాను. ఎనిమిదింటికి పోదాం బావా, చలికి చేప ఎట్టాగూ తినదు అన్నాడు. నాకు విసుగొచ్చింది.

“వస్తే రా, లేకపోతే దుప్పటి కప్పుకుని పడుకో,” అన్నాను.

ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే నొక్కుకోవాలనిపిస్తుంది. అతను మాత్రం నవ్వి, “దుప్పటి ఎంటబెట్టుకునే వస్తాలే,” అన్నాడు. అన్నట్టే మిలటరీ దుప్పటి భుజాన వేసుకుని, పద్మ లేవకముందే తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. గంటకు పైగా బండి మీద నా వెనక కూర్చున్నాడు. ఎదురుగాలికి నాకే కళ్ల నీళ్లు కారాయి. ఎలా ఉందని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆరూ పదికి నీళ్ల దగ్గర ఉన్నాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే నీళ్ల మీద తేలే నా గాలం బెండు నాకే మసగ్గా కనిపిస్తోంది. అతను రోడ్డు దాటి తన చోటికి వెళ్లాడు. దుప్పటి ముసుగు వేసుకోవడం చూశాను, తర్వాత మంచులో ఆ నలుపు కూడా కలిసిపోయింది.

ఆరున్నరకి మొదటి కేక వేశాను. పలుకు రాలేదు.

లేవబోయాను. అబద్ధం చెప్పను, మోకాలి మీద చేయి వేసి సగం లేచాను. అప్పుడే బెండు మునిగింది. మూడు ఆదివారాల తర్వాత, ఆ చలిలో, బెండు నిలువునా మునిగింది. రాడ్డు వంగింది. చేప పెద్దదని చేతికి తెలుస్తోంది. బీడీ ముట్టించుకుంటున్నాడేమో అనుకున్నాను. డాక్టరు మాన్పించాక అతను బీడీ ముట్టలేదన్న సంగతి నాకు తెలుసు, అయినా అలా అనుకున్నాను. పది నిమిషాలో పన్నెండు నిమిషాలో ఆ చేపతోనే గడిచిపోయింది. మూడు కిలోల శీలావతి. సంచిలో వేసి, సంతోషం పట్టలేక రెండోసారి కేక వేశాను.

“బావో! పడింది!”

“ఉన్నా!” అని వినపడింది.

అతని గొంతే. మాట వెనక చిన్న గరగర ఉండేది, అది కూడా ఉంది. నా గుండె కుదుటపడింది, మళ్లీ ఎర గుచ్చుకుని కూర్చున్నాను. ఆ తర్వాత ఇంకో నాలుగుసార్లు పిలిచాను. నాలుగుసార్లూ పలికాడు. మధ్యలో నేను బద్ధకించాను, పావుగంటకోసారి కాకుండా అరగంటకోసారి పిలిచాను. చివరిసారి ఎనిమిదిన్నర అయి ఉంటుంది. ఫోనులో టైము చూసుకుని, కొట్టు తీయాలి పోదామా అని కూడా అడిగాను.

“ఉన్నాలే. నువ్వు కానియ్యి,” అన్నాడు.

తొమ్మిదికి కాస్త ముందు ఎండ తగిలి మంచు విడిపోయింది. సామాను సర్దుకుని రోడ్డు దాటాను. అతను కూర్చున్నది కూర్చున్నట్టే ఉన్నాడు, బండరాయికి వీపు ఆనించి. దుప్పటి మీద మంచు చుక్కలు గడ్డి మీద నిలిచినట్టు నిలిచి ఉన్నాయి. ఒక్కటి కూడా చెదరలేదు. అతని గాలం నీళ్లలోనే ఉంది. డబ్బాలో పిండిముద్ద తీసుకెళ్లింది తీసుకెళ్లినట్టే ఉంది. భుజం మీద చేయి వేసేసరికి ఆ చుక్కలన్నీ ఒక్కసారిగా జారాయి. చేయి పట్టుకున్నాను. బిగుసుకుపోయి ఉంది.

ఎలా కేకలు పెట్టానో, ఎవరు వచ్చారో, ఆటోలో ఎలా ఎక్కించామో నాకు సరిగా గుర్తు లేదు. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు చూసి, గుండె ఆగి చానాసేపయిందన్నాడు. మీరు వెళ్లి కూర్చున్న కాసేపటికే అయి ఉంటుంది, ఆరున్నర, మహా అయితే ఏడు లోపు అన్నాడు. ఎనిమిదిన్నరకి నాతో మాట్లాడాడు సార్ అన్నాను. ఆయన నా ముఖం వైపు చూసి, ఇలాంటప్పుడు టైము సరిగా గుర్తుండదులెండి అని మెల్లగా అన్నాడు.

డాక్టరు పొరపాటు పడ్డాడని నేను కూడా అనుకుందును. దుప్పటి మీద చుక్కలు చూడకపోతే. అంత గట్టిగా కేక వేసి పలికినవాడి దుప్పటి కాస్తయినా కదలాలి కదా. కొండకి తగిలి నా గొంతే తిరిగి వచ్చిందనుకోవడానికి కూడా లేదు. నేను అన్నది బావో అని, నాకు వినపడింది ఉన్నా అని.

దిగులుతో నా చెవులే నన్ను మోసం చేశాయని సరిపెట్టుకోబోయాను. అయిదో రోజున అతని గాలం తెచ్చుకుందామని అక్కడికి వెళ్తే, పుట్టి పడవలో తిరిగి వలలు వేసే ముసలాయన ఒకడు కలిశాడు. ఆ గాలం తీసి భద్రంగా పెట్టింది ఆయనే. నేను ఏమీ అడగకముందే చెప్పాడు.

“ఆ పొద్దున మంచుకి నాకు గట్టు ఏ దిక్కునుందో తెలవలా అయ్యా. నీళ్ల మీద గుండ్రంగా తిరగతన్నా. మీరిద్దరూ అరుచుకోబట్టి బతికా. ఎడం చెయ్యి పక్క ఒక గొంతు, కుడి చెయ్యి పక్క ఒక గొంతు. రెండిటికీ నడిమజ్జన పాత రోడ్డుంటదని పుట్టి తిప్పుకుని వచ్చా.”

ఎన్నింటికి అని అడిగాను. రోడ్డు మీద పుట్టి బోర్లించి టీ కొట్టు దగ్గరికి పోయేసరికి ఎనిమిదిన్నర బస్సు వస్తోందన్నాడు. ఆయన సాంబయ్యని ఎన్నడూ చూసినవాడు కాదు, నాకు తెలిసినవాడూ కాదు. ఆయనకి అబద్ధం చెప్పే పని లేదు.

ఆ శీలావతి సంచిలోనే ఉండిపోయింది. మర్నాడు మా ఆవిడ వాసన పట్టి తీసి పారేసింది. నేను మళ్లీ గాలం పట్టలేదు.

పద్మ ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. ఎదురుపడితే పమిట సర్దుకుని తల దించుకుని పోయేది. ఎండ వచ్చాక తీసుకెళ్తానన్న మాట తప్పినందుకని నాకు తెలుసు. ఆమె తిట్టి ఉంటే నా మనసు తేలికపడేది. ఆమె తిట్టలేదు.

మొన్న చలి మొదలయ్యాక ఒక మధ్యాహ్నం కొట్టుకి వచ్చింది. బల్ల ముందు స్టూలు మీద కూర్చుంది. పుట్టి ముసలాయన ఆమె తమ్ముడికి ఎక్కడో కనిపించి రెండు గొంతుల సంగతి చెప్పాడట. చేస్తున్న పని ఆపి ఆమెకి చెప్పాను. మంచు సంగతి, పిలుపుల సంగతి, చివర అతను అన్న మాట, డాక్టరు చెప్పిన టైము. ఆమె భయపడలేదు, ఆశ్చర్యపోయినట్టు కూడా లేదు. కళ్లు తుడుచుకుని ఒక్కటే అడిగింది.

“పిలిచిన ప్రతిసారీ పలికాడా అన్నా?”

చేతిలో రాగి తీగ ఉంది. దాన్నే చూస్తూ, “పలికాడమ్మా. ప్రతిసారీ,” అన్నాను.

“అయితే ఇంక నువ్వు మాత్రం ఏం చేస్తావులే. పలికేవోణ్ణి పోయి చూడాలని ఎవరికి తోస్తది? నీ తప్పేం లేదు,” అంది. ఏడాది తర్వాత మొదటిసారి నా ముఖంలోకి చూసి మాట్లాడింది. మా ఆవిణ్ణి అడిగానని చెప్పమని లేచింది.

ఆ పొద్దున ఎవరు పలికారో నాకు ఇప్పటికీ తెలియదు. పోయినవాడు ఎందుకు పలికాడు, నన్ను కూర్చోబెట్టడానికా, నా భయం తీర్చడానికా? ఎంత ఆలోచించినా తేలలేదు, తేలుతుందన్న ఆశ కూడా పోయింది. అతనికి ప్రాణం ఉన్నది మాత్రం బహుశా పలుకు రాని ఆ మొదటి పిలుపు దగ్గరే. ఆ సంగతి ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు.

పద్మ మెట్లు దిగి, ఎండలో మెల్లగా నడుచుకుంటూ వీధి మలుపు దాకా వెళ్లింది. అంతసేపూ కనిపిస్తూనే ఉంది. లేచి వెళ్లి చెప్పి ఉండొచ్చు. నేను లేవలేదు.