ఎర్ర జవాబు రాసిన రితేశ్

2019 జూలై మూడవ వారం. ముంబయి కామాటిపురలో ఎడతెగని ముసురు. మేముండే వరుసగదుల చాల్ వరండాలో, ఆరని బట్టల కింద, రితేశ్ ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకొని గోళ్లు కొరుకుతూ కూర్చునేవాడు. అతడు పనిచేసే కంపెనీ తయారుచేసిన, డాక్టరు నంబరు ఇప్పించే దవాఖానా యాప్‌లో, పని జరిగితే ఒక జవాబు, జరగకపోతే మరొక జవాబు పంపే చిన్న ప్రోగ్రాం ముక్కలు, అంటే ఫంక్షన్లు, రెండుండేవి. లెక్కల పంతులునైన నా కాలపు గణితంలో వీటిని ప్రమేయాలనేవారము. మొదటిది పక్కగది స్నేహల్ రాసింది, రెండవది ఇతడు. ఆమెది ఆఫీసు తెరపై పచ్చగా, ఇతనిది ఎర్రగా వెలిగేవి.

"నీదాన్ని అందరు మెచ్చుకుంటరు. నాది కనవడితె మొకం తిప్పుకుంటరు," అనేవాడు.

"అరే, నీ మొకం సుత గట్లనే ఉంటది కదరా!" అని ఆమె నవ్వేది.

ఓర్వలేక ఒకనాడు, జరగని పనికి కూడా 'జరిగింది' అనే జవాబే వెళ్లేలా తన ఫంక్షన్ మార్చాడు. తెరంతా పచ్చబడింది. మరునాడు కిందిగది శాంతాబాయి దవాఖానా నుంచి తడిసి ముద్దయి తిరిగివచ్చింది.

"ఫోన్ల నంబరు దొరికిందని ఉండె బేటా. ఆడికి పోతె నా పేరే లేదన్నరు."

ఆమె చెప్పులు విప్పకముందే రితేశ్ తప్పు దిద్దాడు. తెర మళ్లీ ఎర్రబడింది.

ఆరేళ్లకు అదే కంపెనీ పుణె శాఖ నుంచి నాకు ఉత్తరం రాశాడు: "సార్, జరగనిదాన్ని జరగలేదని చెప్పడమే నా కింద పనిచేసే పిల్లలకు మొదట నేర్పుతున్నాను. స్నేహల్ రాసిన ఆ పచ్చ ఫంక్షనే మా కంపెనీలో ఇంకా నడుస్తోంది. చూసినప్పుడల్లా కడుపు మండుతూనే ఉంది."