డ్రైవర్ల పంక్తి

పొద్దున కాఫీ తాగుతా ఉంటే ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. మా అన్న కూతురు లారీ తలుపు పట్టుకొని నిలబడి ఉండాది. మొదటి లోడు సోలాపూరుకంట. ఒక్కదాన్నే కూర్చొని నవ్వుకున్నా. ఆ నవ్వులో మంచితనమేమీ లేదు, ముందే చెప్తా ఉండా. కడుపులో మంట చల్లారినోళ్ల నవ్వు అది.

అన్న అంటే సొంత అన్న కాదు, పెదనాయన కొడుకు. కాటన్‌పేటలో పెదనాయనకు దుప్పట్ల అంగడి. ఆయన గల్లా ముందర కూర్చుంటే, తమ్ముడైన మా నాయన లారీ తోలేవాడు. సోలాపూరు దుప్పట్ల బేళ్లు వానకు తడవకుండా తెచ్చేది నాయనే. ఆయన వచ్చిన పూట ఇల్లంతా డీజిలు, ఊదుబత్తి కలిసిన వాసన. టార్పాలిన్ కింద మాకోసం దావణగెరె మండక్కి, అదే బొరుగుల మూట. దోవలో ఎవరి బండి ఆగిపోయినా దిగేవాడు, అందుకే ఎప్పుడూ ఆలస్యం. రోడ్డు మీద అందరూ చుట్టాలే అనేవాడు. ఇంట్లో చుట్టాల సంగతి తెలీదు పాపం.

అన్న పెళ్లికి ఆడపెళ్లివాళ్ల సామానంతా హిందూపురం నుంచి నాయనే తోలుకొచ్చినాడు. ఆ మాసిన చొక్కాతోనే చుట్టాల పంక్తిలో కూర్చున్నాడు. ఆకులో అన్నీ వడ్డించేసినారు. అత్తగారివాళ్లు చూస్తా ఉండారని నామోషీ అయ్యిందేమో, బాసికం కట్టుకున్న పెళ్లికొడుకే వచ్చి వంగి, "చిన్నాయనా, డ్రైవర్ల పంక్తి కడపట ఉండాది, లే అప్పా" అన్నాడు. వడ్డించిన ఆకు ముందర నుంచి పగవాణ్ణి కూడా లేపరు మా వాళ్లు. నాయన లేచినాడు. గిన్నెలు తోమే చోట క్లీనరు పక్కన కూర్చొని నవ్వులాడతా తిన్నాడు. నేను తినలేదు. నీ ఆకు ముందర నుంచి నిన్ను లేపకపోతే మా నాయన కూతుర్నే కాదు అనుకున్నా.

నాయన పోయినాడు గానీ ఆ మాట పోలేదు. పోయినేడు అన్న మా ఇంటికొచ్చినాడు. మారతహళ్ళిలో కంప్యూటరు ఉద్యోగం చేసే కూతురు అది మానేసి లారీ తోలతానంటా ఉందంట. నా మాటైతే వింటాదంట, మాన్పించమన్నాడు. సరే, ఆదివారం ఇద్దరూ భోజనానికి రండి అన్నా. అమ్మాయిని ముందే పిలిచి ఎందుకే అని అడిగినా.

"అత్తా, ఆఫీసులో నేను చేసేది ఏ ఊరికి పోతాదో నాకే తెలీదు. చిన్నతాత తెచ్చిన దుప్పటి ఇంకా కప్పుకుంటా ఉండా" అనింది.

నాకు అది చాలు. జిగణిలో లారీలు తిప్పే మా తమ్ముడితో మాట్లాడి, దీనికి తోలడం నేర్పమని చెప్పేసినా. దాని మేలు కోరినావా, కక్ష తీర్చుకున్నావా అంటే, ఒక దెబ్బకు రెండు పిట్టలంటే ఎవరికి చేదు?

ఆదివారం హాల్లో ఆకులేసి, అన్ననూ డ్రైవరు కాబోయే కూతుర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఓళిగలు, నెయ్యి, చిత్రాన్నం అన్నీ వడ్డించినా. అన్న చెయ్యి ఆకు మీదికి పోయేంతలో మెల్లగా చెప్పినా.

"అన్నా, ఇది డ్రైవర్ల పంక్తి. నీది కడపట ఉండాది, లే అప్పా."

చెయ్యి ఆగిపోయింది. మరిచిపోయి ఉంటాడనుకున్నా. మరిచిపోలేదు, ముఖం చూస్తే తెలిసింది. లేచి వంటింట్లో గిన్నెల గట్టు పక్కన నిలబడినాడు. ఎంగిలి పడని ఆ ఆకును తీసి, నాయన ఫోటో దించి దాని ముందర పెట్టినా. చిన్నతాతా మనవరాలూ పక్కపక్కనే తిన్నారు. కడపట అన్నకూ పెట్టినా, కడుపునిండా.

కాలం అన్నీ మరిపిస్తాదంటారు. నాకేమీ మరిపించలేదది, మా పంక్తి వచ్చేదాకా కూర్చోబెట్టింది, అంతే.