తాళాలాయన తినక తప్పని బిళ్ళలు

ఊళ్ళో సగం తలుపులకు తాళంచెవులు చేసిచ్చిన తాళాలాయనకు ఎవరి మీదా నమ్మకం లేదు. ఎదురొచ్చినవాడు నమస్కారం పెడితే, ఎందుకు పెట్టాడా అని సాయంత్రం దాకా బుర్ర బద్దలు కొట్టుకునే రకం. ఇరవై రెండేళ్ళ కాపురంలో బీరువా తాళంచెవి భార్య చేతికివ్వలేదు. "నేనున్నాగా, అడిగితే తియ్యనా?" అనేవాడు. పోయిన నెల ఆవిడ, "నా చీర నేను తీసుకోడానికి మిమ్మల్ని అడుక్కోవాలా?" అని కట్టుబట్టలతో తమ్ముడింటికి వెళ్ళిపోయింది.

ఆ తమ్ముడు బస్సు డ్రైవరు. ఆదివారం మధ్యాహ్నం కొట్టుకొచ్చి చెక్కర్స్ అట్ట పరిచాడు.

"నేను గెలిస్తే అక్కకి బీరువా మారుతాళంచెవి చేసివ్వాలి బావా. నేనే తీసుకొచ్చి దింపుతా. ఓడితే మళ్ళీ ఆ మాటెత్తను."

తాళాలాయన పైకి గొణిగాడు గానీ లోపల ఊపిరి పీల్చుకున్నాడు. నెల రోజులుగా ఇల్లు ఇల్లులా లేదు. తనంతట తానిస్తే పరువు తక్కువ. పందెంలో ఓడి ఇస్తే ఎవరేమంటారు? బావమరిది ఎలాగూ ఆటలో ఘటికుడు. ఓడిపోదామనే కూర్చున్నాడు.

నల్లగళ్ళ మీద ఏటవాలుగా ఒక్కో గడి ముందుకే తప్ప బిళ్ళకు వెనకడుగు లేదు. మూడో ఎత్తుకే బావమరిది తన బిళ్ళను తెచ్చి ఈయన బిళ్ళకు ఎదురుగా పెట్టాడు. దాని వెనక గడి ఖాళీ, పైనుంచి దూకి తినెయ్యొచ్చు. ఎర అనుకున్నాడు తాళాలాయన. దూకితే తన మీదికి తిరిగి దూకేదెవరా అని కళ్ళజోడు తుడుచుకుని మరీ వెతికాడు. ఎవరూ లేరు. అదే మరీ అనుమానంగా తోచింది. చూడనట్టు ఇంకో బిళ్ళ జరపబోయాడు.

"అలా కుదరదు బావా. తినే వీలుంటే తినాల్సిందే."

తిన్నాడు. తర్వాత ఒకే ఊపులో రెండు తినాల్సొచ్చింది. బిళ్ళ చివరి వరసకు చేరితే, బావమరిదే దాని మీద ఇంకో బిళ్ళ పెట్టి రాజును చేశాడు. ఇక అది ముందుకీ వెనక్కీ తిరుగుతుంది. తాళాలాయన తన బిళ్ళనే ఎరగా పెట్టి చూశాడు. వాడు దాన్ని తిని, తిన్నగా వెళ్ళి రాజు నోటి ముందే కూర్చున్నాడు.

వీడు కావాలనే ఓడిపోతున్నాడు! ఎందుకు? వాళ్ళక్క చెప్పి ఉంటుంది. ఆవిడకు తిరిగి రావడం ఇష్టం లేదు. తినక తప్పని ప్రతి బిళ్ళా ఆవిడను ఇంకో గడి దూరం జరుపుతోంది. చివరి బిళ్ళా తినక తప్పలేదు.

"నిజం చెప్పరా. ఓడిపొమ్మని మీ అక్క చెప్పిందా?"

"చెప్పింది."

తాళాలాయన బిళ్ళలు ఏరి డబ్బాలో వెయ్యసాగాడు.

"పందెం కోసం ఇచ్చేది నాకొద్దంది. నువ్వు ఓడిపో, అప్పుడూ చేసిస్తారేమో చూడు, ఇస్తే ఈ సాయంత్రమే వస్తానంది."

"నిజమేనా?" అని మూడుసార్లు అడిగాడు. మూడోసారి ఏడుపొచ్చింది. మొలతాడుకున్న బీరువా తాళంచెవి విప్పి, మిషను ముందు కూర్చుని, దాని పళ్ళు చూసి కొత్తది కోశాడు. ఆకురాయితో అంచులు నున్నగా రాశాడు. అంత ప్రేమగా ఏ తాళంచెవీ చేసి ఎరగడు. బావమరిది చేతిలో పెట్టాడు. ఆ తర్వాత, మారుతాళం చేయించుకున్న ప్రతి ఒక్కరి ముందూ తోసినట్టే, సంతకాల పుస్తకం వాడి ముందుకు తోశాడు.

"ఇదేంటి బావా? అక్కకి కూడానా?"

"ఎవరికైనా అంతేరా. రేపు ఏదన్నా పోతే..."

అనేశాక నాలుక్కరుచుకున్నాడు. పుస్తకం వెనక్కి లాక్కుందామనుకున్నాడు. చెయ్యి కదల్లేదు.

బావమరిది తాళంచెవిని ఆ పుస్తకం మీద పెట్టి, చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు. ఆ సాయంత్రం ఆవిడ రాలేదు.