ఊక పరిచిన పైకప్పు

ఒక ఇంజినీరు రెండు సరైన పనులు చేసి, వాటి మధ్య ఒక గదిని ఎలా నాశనం చేయగలడో చెబుతాను. ఆ ఇంజినీరు నేనే కాబట్టి వివరాల్లో తేడా రాదు.

పెళ్లయిన మొదటి వేసవి. విజయవాడ వన్ టౌన్‌లో మా మేడ పై అంతస్తులో, నేరుగా స్లాబు కింద మా పడకగది. మధ్యాహ్నం అందులో కూర్చుంటే పెనం మీది దోసె కష్టాలన్నీ అర్థమవుతాయి. ఒక ఉదయం నా భార్య శిరీష సూట్‌కేసు దించింది.

“ఏవండీ, కంకిపాడు వెళ్తున్నా. వానలు పడ్డాక వస్తా.”

“వానలకి ఇంకా చాలా టైముంది కదా, మీ పుట్టింట్లో అన్నాళ్లా?”

“అందుకే ఇప్పుడే వెళ్తున్నా.”

వారం గడువడిగాను. ఇబ్రహీంపట్నం థర్మల్ కరెంటు కేంద్రంలో బాయిలరు గొట్టాల్లోంచి వేడి పోకుండా ఆపేది నేను. పెళ్లాం పుట్టింటికి పోకుండా ఆపలేనా?

ధాన్యపు ఊక వేడిని అడ్డుకుంటుంది. ఇది శాస్త్రం. మామగారి ఊరి రైసుమిల్లు నుంచి బస్తాలు తెప్పించి, స్లాబుకీ దాని కింద కొత్తగా కొట్టించిన ఫాల్స్ సీలింగుకీ మధ్య దట్టంగా కూరించాను. గాలి చొరకుండా అంచులు మూయించాను. ఇది మొదటి సరైన పని. రెండోది మన వైపు వేసవిలో ప్రతి ఇంట్లో చేసేదే: సాయంత్రం పైపు పట్టుకుని డాబా తడపడం.

గది చల్లబడింది. సూట్‌కేసు అటకెక్కింది. నేను కాస్త లావెక్కాను, గర్వంతో.

తర్వాత వాసన మొదలైంది. సీలింగు మీద నల్లమచ్చలు పాకాయి.

“బూజు పట్టినట్టుందండీ.”

“బూజుకి తేమ కావాలి. ఒకటి, వాన లేదు. రెండు, పైన ట్యాంకు లేదు. మూడు, బాత్రూము అవతల ఉంది. తేమ రావడానికి దారే లేదు.”

“మరి ఆ మచ్చలు?”

“ఎండకి పెయింటు మాడింది.”

మాడకుండా ఆ రోజు నుంచి డాబా మీద రెట్టింపు నీళ్లు కొట్టాను.

ఒక సాయంత్రం కూతుర్ని చూడ్డానికి మామగారు వచ్చారు. మంచం మీద నడుం వాల్చి, వరసగా తుమ్మడం మొదలెట్టారు.

“అల్లుడుగారూ, ఏంటండీ ఈ కంపు? పైన ఏమన్నా చచ్చిందా?”

“లేదండీ, అదంతా శాస్త్రం. డాబా తడిపొచ్చి వివరంగా చెబుతాను, పడుకోండి.”

పైన పైపు తిప్పానో లేదో, కింద ధబ్బుమని చప్పుడు. పరిగెత్తాను. సీలింగు సగం నేల మీద ఉంది, మిగతా సగం మామగారి మీద. నల్లగా ముద్దలు కట్టిన తడి ఊకలోంచి ఆయన కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. స్లాబు పగులులోంచి నేను అప్పుడే కొట్టిన నీళ్లు ఆయన నుదుటి మీద బొట్టు బొట్టుగా పడుతున్నాయి.

శిరీష పైకి చూసింది. నన్ను చూసింది. సూట్‌కేసు దించింది.

మామగారు మీసంలోంచి ఊక తీసుకుంటూ అన్నారు: “అమ్మాయ్, అందులో ఈయన బట్టలు కూడా పెట్టు. ఒంటరిగా వదిలితే మేడ మిగల్చడు.”

వానలు పడేదాకా కంకిపాడు నుంచే డ్యూటీకి వెళ్లాను.

కనుక పాఠకులందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ పైకప్పునూ చల్లబరచను. ఎండ కాస్తే చెమటోడుస్తాను. నా భార్య పుట్టింటికి వెళ్తానంటే మారుమాటాడకుండా బస్సుదాకా సంచులు మోస్తాను, నాదీ కలిపి.